కాపర్-టీ: ఆపరేషన్ వద్దనుకునే ఇళ్ళకు తెలియాల్సిన సంగతులు

కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి... మన వాళ్ళు ఎక్కువగా ఉండే ఏ ఊరైనా తీసుకోండి. రెండో కాన్పు కాగానే ఆసుపత్రిలో "ఇంక ఆపరేషన్ చేయించుకో అమ్మా" అంటారు. ఇంటికొస్తే "ఆపరేషన్ మన దీన్‌లో జాయెజ్ కాదు" అని దాదీ అంటుంది. ఈ రెండు మాటల నడుమ కోడలు ఇరుక్కుపోతుంది. ఆపరేషన్ చేయించుకోదు, వేరే జాగ్రత్త ఏదీ తీసుకోదు. చంకలో బిడ్డకు ఏడాది నిండకముందే మళ్ళీ నెల తప్పుతుంది. ఒంట్లో రక్తం ఉండదు, పాలు తగ్గిపోతాయి, బిడ్డ చిక్కిపోతుంది.

ఆపరేషన్‌కూ, ఏమీ చేయకపోవడానికీ మధ్యలో ఇంకో దారి ఉంది. గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం, అందరికీ తెలిసిన పేరు కాపర్-టీ. పాతకాలం వాళ్ళు "లూప్" అంటారు. కావాలంటే పెట్టించుకోవచ్చు, వద్దనుకున్న రోజు తీయించేసుకోవచ్చు. దీని గురించి మన ఇళ్ళల్లో భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. అందుకే మంచీ చెడూ రెండూ ఇక్కడ రాస్తున్నాం.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళైన ఆడవాళ్ళలో సుమారు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద ఇది 38 శాతం దగ్గర ఉంది. కాపర్-టీ లాంటివి వాడేవాళ్ళు దేశంలో 2 శాతం ఉంటే, మన రాష్ట్రంలో ఒక శాతం కూడా లేరు. మగవాళ్ళ ఆపరేషన్ల సంగతి చెప్పక్కర్లేదు, అవి కూడా ఒక శాతం లోపే. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషన్ ఒక్కటే అన్నట్టు అయిపోయింది. ఆపరేషన్ వద్దనుకునే వాళ్ళకు వేరే దారి ఉందని గట్టిగా చెప్పేవాళ్ళే తక్కువ.

అదే సర్వేలో ఇంకో రెండు అంకెలు చూడండి. 20-24 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో దాదాపు 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు, ఒంట్లో రక్తం లేకపోవడం, ఈ మూడూ ఒకదాన్ని ఒకటి లాక్కొస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం మెట్టలో వేరుశెనగ ఎండిపోయిన ఏడాది ఇంట్లో ముందు తగ్గేది ఆడవాళ్ళ కంచంలో కూడే. కాన్పుకీ కాన్పుకీ ఎడం ఉండాలనే మాట ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఒక బిడ్డ పుట్టాక మళ్ళీ గర్భం రావడానికి కనీసం 24 నెలలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఖురాన్‌లో సూరె బఖర 233వ ఆయత్‌లోనూ తల్లి బిడ్డకు పూర్తిగా రెండేళ్ళు పాలివ్వడం గురించి ప్రస్తావన ఉంది. రెండు లెక్కలూ ఒకచోటికే వస్తాయి.

కాపర్-టీ అంటే ఏంటి, ఎలా పని చేస్తుంది?

ఇది ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండే మెత్తటి ప్లాస్టిక్ ముక్క. పొడవు మూడున్నర సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. దానికి సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. కింద రెండు సన్నటి దారాలు ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరికేవి రెండు రకాలు. ఒకటి కాపర్-టీ 380ఏ, పదేళ్ళ దాకా పని చేస్తుంది. రెండోది 375, ఐదేళ్ళు పని చేస్తుంది. ఈ అంకెలు రాగి ఉపరితలం ఎన్ని చదరపు మిల్లీమీటర్లో చెప్పేవి.

రాగి నుంచి కొద్దికొద్దిగా వచ్చే కణాలు వీర్యకణాలను కదలనీయకుండా, బతకనీయకుండా చేస్తాయి. వీర్యం అండాన్ని చేరకపోతే పిండమే ఏర్పడదు. "కాపర్-టీ ప్రతి నెలా అబార్షన్ చేస్తుంది" అని కొందరు అనుకుంటారు, అది సరికాదు. దీని ప్రధానమైన పని గర్భం నిలవకముందే అడ్డుకోవడం. ఇందులో హార్మోన్లు ఉండవు కాబట్టి పాల మీద ఏ ప్రభావమూ పడదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఎక్కువమంది వాడుకోవచ్చు.

ఇంకో రకం హార్మోన్ సాధనం. ఇందులో రాగి బదులు లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. మిరేనా, ఎమిలీ లాంటి పేర్లతో ప్రైవేటులో దొరుకుతుంది. కొన్ని వేల రూపాయలు అవుతుంది. నెలసరిలో రక్తం బాగా ఎక్కువగా పోయేవాళ్ళకు డాక్టర్లు దీన్ని మందుగా కూడా పెడతారు, ఎందుకంటే ఇది రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. కొందరికి నెలసరి దాదాపు ఆగిపోతుంది కూడా. దానివల్ల ఒంటికి చెడు జరగదు.

ఎంతవరకు నమ్మొచ్చు?

కాపురం చేస్తున్న 100 మంది ఆడవాళ్ళు ఏ జాగ్రత్తా తీసుకోకపోతే ఒక ఏడాదిలో 85 మంది దాకా గర్భవతులు అవుతారు. కండోమ్ మీద ఆధారపడితే 13 మంది. మాత్రలు వేసుకుంటే 7గురు, ఎందుకంటే నిజజీవితంలో మాత్ర మరిచిపోవడం మామూలే. కాపర్-టీ అయితే ఒక్కరు కూడా పూర్తిగా కాదు, 0.8. హార్మోన్ సాధనానికి ఇంకా తక్కువ. ట్యూబెక్టమీకి 0.5. అంటే కాపర్-టీ ఆపరేషన్‌తో సమానంగా నిలబడుతుంది. తేడా ఏంటంటే, ఆపరేషన్‌ను వెనక్కి తిప్పాలంటే మళ్ళీ పెద్ద ఆపరేషన్ కావాలి, అది ఫలిస్తుందన్న హామీ లేదు. కాపర్-టీని రెండు నిమిషాల్లో తీసేయొచ్చు. తీసిన తర్వాత నెల నుంచే గర్భం రావచ్చు.

పొట్టకూటి కోసం బెంగళూరు వలస పోయే కుటుంబాలకు దీనితో ఒక సౌకర్యం ఉంది. మాత్రల కోసం, ఇంజెక్షన్ కోసం ఏ ఊళ్ళో ఎవర్ని అడగాలా అని వెతుక్కునే పని ఉండదు. భర్త గల్ఫ్‌లో ఉండి ఏడాదికోసారి వచ్చే ఇళ్ళల్లోనూ అంతే. ఆయన వచ్చే తేదీ తెలిసి మందులు సిద్ధం చేసుకోవాల్సిన అవసరం ఉండదు.

షరియత్ పరంగా ఏమంటారు?

ఇది ఫత్వా కాదు. మీ మస్జిద్ ఇమామ్‌నో, నమ్మకమున్న ముఫ్తీనో అడిగే ముందు తెలిసి ఉండాల్సిన నాలుగు మాటలు మాత్రమే.

ప్రవక్త (స) కాలంలో సహాబాలు అజ్ల్, అంటే వీర్యం బయట వదలడం, పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దాని ఆధారంగానే భార్యాభర్తలిద్దరి ఇష్టంతో, తాత్కాలికంగా గర్భం రాకుండా చూసుకోవడాన్ని చాలామంది ఉలమా అనుమతించారు. ఇమామ్ గజ్జాలీ దీన్ని సమర్థిస్తూ రాశారు. తల్లి ఆరోగ్యం, పాలు తాగే బిడ్డ క్షేమం లాంటి కారణాలకు అభ్యంతరం చెప్పేవాళ్ళు తక్కువ. శాశ్వతంగా సంతానం రాకుండా చేసుకోవడాన్ని మాత్రం, ప్రాణం మీదికి వచ్చే వైద్య కారణం లేకుండా, ఎక్కువమంది ఒప్పుకోరు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆపరేషన్ గురించి వెనకాడటానికి మూలం ఇదే. ఆ మాటను కాపర్-టీకి కూడా అంటగట్టడం వల్ల నష్టం జరుగుతోంది.

కాపర్-టీ విషయంలో ఉలమా అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. ఒకటి, ఇది పిండాన్ని చంపుతుందా? దానికి జవాబు పైన చెప్పుకున్నాం. రెండోది సతర్, అంటే పరాయివాళ్ళ ముందు దాచుకోవాల్సిన భాగం బయటపెట్టాల్సి రావడం. ఇండోనేసియా ఉలమా మండలి మొదట్లో దీన్ని ఒప్పుకోకపోయినా, 1983లో ఆడ వైద్యుల చేత పెట్టించుకోవచ్చని అనుమతించింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాపర్-టీ పెట్టేది శిక్షణ పొందిన డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. "లేడీ డాక్టర్ గానీ సిస్టర్ గానీ కావాలి" అని అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.

నమాజ్, రోజా సంగతి: కాపర్-టీ పెట్టాక మొదటి కొన్ని నెలలు నెలసరి రోజులు పెరగొచ్చు, మధ్యలో మరకలు కనిపించొచ్చు. హనఫీ మస్లక్ ప్రకారం హైజ్ కనీసం మూడు రోజులు, గరిష్ఠం పది రోజులు. రెండు హైజ్‌ల మధ్య కనీసం పదిహేను రోజుల పరిశుభ్రత ఉండాలి. రక్తం పది రోజులు దాటితే, ఇంతకుముందు మీకు అలవాటుగా ఉన్న రోజుల్ని హైజ్‌గా, మిగతాదాన్ని ఇస్తిహాజాగా లెక్కిస్తారు. ఇస్తిహాజాలో నమాజ్ మానక్కర్లేదు, రోజా ఉండొచ్చు. అందుకే కాపర్-టీ పెట్టించుకోవడానికి ముందు రెండు మూడు నెలల తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత గందరగోళం ఉండదు. రంజాన్‌లో పగటిపూట పెట్టించుకుంటే రోజా సంగతి ఏంటన్న సందేహం వస్తుంది. ఇంకో రోజు పెట్టించుకుంటే ఆ సందేహమే రాదు.

ఎప్పుడు పెట్టించుకోవాలి?

నెలసరి మొదలైన రోజు నుంచి 12 రోజుల లోపు ఎప్పుడైనా పెట్టొచ్చు. గర్భం లేదని రూఢి అయితే మిగతా రోజుల్లోనూ పెడతారు. కాన్పు అయిన 48 గంటల లోపు పెట్టొచ్చు, సిజేరియన్ సమయంలోనే కూడా పెట్టొచ్చు. ఆ 48 గంటలు దాటితే ఆరు వారాలు ఆగాలి. అబార్షన్ అయినవాళ్ళకు, ఇన్‌ఫెక్షన్ లేకపోతే, వెంటనే పెడతారు. జాగ్రత్త లేకుండా కలిసిన ఐదు రోజుల లోపు కాపర్-టీ పెట్టించుకుంటే ఆ గర్భం కూడా రాకుండా ఆగుతుంది.

కాన్పు అయిన వెంటనే పెట్టే కాపర్-టీ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నొప్పుల మీద ఉన్నప్పుడు కాదు, నెలనెలా చెకప్‌కు వెళ్ళేటప్పుడే దీని గురించి మీకు చెప్పాలి, మీ ఒప్పుకోలు తీసుకోవాలి. చెప్పకుండా పెట్టారనీ, ఎప్పుడో స్కానింగ్‌లో బయటపడిందనీ అక్కడక్కడా ఆడవాళ్ళు బాధపడటం మనం వింటూ ఉంటాం. అలా చేయడం తప్పు. కాన్పు తర్వాత డిశ్చార్జి కాగితంలో ఏం రాశారో చదివించుకోండి. వద్దనుకుంటే వద్దని ముందే చెప్పండి. పెట్టించుకున్నాక మనసు మారితే తీయమని అడగండి. దానికి కారణం చెప్పాల్సిన పని లేదు, భర్త సంతకం అవసరం లేదు. అయినా ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయం తీసుకుంటే ఇంట్లో మంచిది.

పెట్టేటప్పుడు ఏం జరుగుతుంది?

ముందు ప్రశ్నలు అడుగుతారు, లోపల పరీక్ష చేస్తారు. మూసి ఉన్న ప్యాకెట్‌ను మీ ముందే తెరవాలి. దాని మీద గడువు తేదీ చూడమని అడగొచ్చు. పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టదు. మత్తు అవసరం లేదు. నెలసరి నొప్పిలా కడుపులో గట్టిగా నొక్కినట్టు ఉంటుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి. కాసేపు పడుకుని ఇంటికి పోవచ్చు. ఆ రోజు ఎవరినైనా తోడు తీసుకుపోండి.

పెట్టిన తేదీ, రకం, తీయాల్సిన సంవత్సరం రాసిన కార్డు ఇస్తారు. దాన్ని ఆధార్ కార్డు పెట్టుకునే కవర్‌లోనే పెట్టండి. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. బెంగళూరులో ఉన్నా, ఇంకెక్కడున్నా ఆ కార్డు చూస్తే ఏ డాక్టరైనా విషయం అర్థం చేసుకుంటారు. ఆరు వారాలకు ఒకసారి చూపించుకోవాలి.

ఇబ్బందులు ఏంటి?

ఇబ్బందులే లేవని చెప్పేవాళ్ళను నమ్మొద్దు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు, నొప్పి పెరగొచ్చు. చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు, వాళ్ళు తీయించేసుకోవడమే మంచిది.

మన జిల్లాలో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. సగానికి మించి ఆడవాళ్ళకు ముందే రక్తం తక్కువ. రక్తహీనత ఉన్నంతమాత్రాన కాపర్-టీ పెట్టకూడదని లేదు. వెంటవెంటనే వచ్చే గర్భం దానికంటే ఎక్కువ రక్తాన్ని లాగేస్తుంది. కానీ పెట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, పీహెచ్‌సీలో ఉచితంగానే చేస్తారు. గర్భం లేని ఆడవాళ్ళకు 12 గ్రాములు ఉండాలి. 7 కంటే తక్కువ ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. కాపర్-టీ పెట్టాక కూడా ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు మానొద్దు. రాగి సంగటి, ఆకుకూరలు, బెల్లం, వేరుశెనగ, వీలైనప్పుడు మాంసం, కలేజీ తినాలి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే మాత్ర ఒంటికి పట్టదు.

కొందరిలో, ముఖ్యంగా మొదటి ఏడాది, సాధనం దానంతటదే జారి బయటికి రావచ్చు. కాన్పు అయిన వెంటనే పెట్టినవాళ్ళలో ఇది కాస్త ఎక్కువ. గర్భసంచికి రంధ్రం పడటం చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరి చుట్టూ ఉంటుంది. పెట్టిన మొదటి 20 రోజుల్లో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం కొద్దిగా ఉంటుంది. కాపర్-టీ ఉండగా గర్భం వస్తే, అది ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇంకో మాట, ఇది సుఖవ్యాధుల నుంచి గానీ ఎయిడ్స్ నుంచి గానీ కాపాడదు. దానికి కండోమ్ ఒక్కటే దారి.

ఎవరు పెట్టించుకోకూడదు?

గర్భవతులు, గర్భసంచిలో గానీ జననాంగాల్లో గానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళు, గర్భసంచి ముఖద్వారంలో గానీ లోపల గానీ క్యాన్సర్ ఉన్నవాళ్ళు, గడ్డల వల్ల గర్భసంచి ఆకారం మారిపోయినవాళ్ళు, పొత్తికడుపు టీబీ ఉన్నవాళ్ళు పెట్టించుకోకూడదు. దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంటే ముందు దానికి మందు వాడాలి. రాగి పడనివాళ్ళకూ ఇది వద్దు. ఇలాంటివాళ్ళకు అంతర ఇంజెక్షన్, ఛాయా మాత్రలు, కండోమ్‌లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఉన్నాయి. వాటిలో ఎవరికి ఏది సరిపోతుందో డాక్టర్‌ను అడగాలి.

ఇళ్ళల్లో వినిపించే మాటలు, నిజాలు

"పైకి ఎక్కి గుండెకు పోతుంది." పోదు. గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు.

"బిందెలు మోస్తే, చేన్లో వంగి పని చేస్తే జారిపోతుంది." బరువు పనికీ దానికీ సంబంధం లేదు. శెనక్కాయ పీకొచ్చు, నీళ్ళు మోయొచ్చు, నమాజ్‌లో రుకూ, సజ్దా మామూలుగా చేయొచ్చు.

"భర్తకు గుచ్చుకుంటుంది." లోపల ఉన్న ముక్క తగలదు. దారం తగులుతోందంటే సిస్టర్‌కు చెప్తే కత్తిరించి చిన్నది చేస్తారు.

"గుస్ల్ అవ్వదు." అది గర్భసంచి లోపల ఉండే వస్తువు, గుస్ల్‌లో నీళ్ళు చేరాల్సిన చోటు కాదు.

"మళ్ళీ పిల్లలు పుట్టరు." తీసిన వెంటనే గర్భధారణ శక్తి తిరిగి వస్తుంది. ఒక బిడ్డే ఉన్న తల్లి కూడా వాడొచ్చు.

"క్యాన్సర్ వస్తుంది." రాదు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వీటిని వాడినవాళ్ళలో తక్కువగా కనిపించిందని పరిశోధనలు చెప్తున్నాయి.

ఈ భయాలు ఊరికే పుట్టలేదు. మన దేశంలో 1965లో లిప్పీస్ లూప్ అనే ప్లాస్టిక్ సాధనాన్ని పెద్దఎత్తున పెట్టారు. రక్తస్రావం అవుతోందని చెప్పుకున్న ఆడవాళ్ళను తర్వాత పట్టించుకున్నది తక్కువ. అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే రకం ఇన్‌ఫెక్షన్లకు కారణమై 1974లో అమ్మకాలు ఆగిపోయాయి. నానీలు, దాదీలు చెప్పే లూప్ కథలు ఆ కాలానివి. ఇప్పుడు వాడే 380ఏ మన ప్రభుత్వ కార్యక్రమంలోకి 2002లో వచ్చింది. సాధనం మారింది. పెట్టాక పట్టించుకోవాలన్న అవసరం మాత్రం మారలేదు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?

నెల తప్పినా, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరంతో పాటు చెడు వాసనతో తెల్లబట్ట అవుతున్నా, గంటకో గుడ్డ మార్చాల్సినంత రక్తం పోతున్నా, దారం తగలకపోయినా, పొడవు పెరిగినట్టు అనిపించినా, గట్టి ముక్క చేతికి తగిలినా ఆగొద్దు. దారం కనపడకపోతే స్కానింగ్ చేసి ఎక్కడుందో చూస్తారు. గడువు సంవత్సరం రాగానే తీయించుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగిపోయిన ఏడాదికి కూడా తీయించేయాలి. ఇంట్లో మీరే దారం పట్టి లాగొద్దు.

ఎక్కడ, ఎంత ఖర్చు?

పీహెచ్‌సీల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, హిందూపురం జిల్లా ఆసుపత్రిలో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలో కాపర్-టీ పెట్టడం, తీయడం రెండూ ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడిగితే ఏ రోజు పోవాలో చెప్తారు.

చివరగా అత్తలకూ, భర్తలకూ ఒక మాట. కాపర్-టీ వద్దని మీకు అనిపిస్తే, దాని బదులు ఏం చేద్దామో కూడా మీరే చెప్పాలి. "అల్లాహ్ చూసుకుంటాడు" అని వదిలేస్తే మోసేది ఆ కోడలు ఒక్కతే. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి అల్లాహ్ మీద భరోసా పెట్టడమని మన పెద్దలే నేర్పారు. ఈసారి పోలియో చుక్కలకో, బిడ్డ టీకాకో పీహెచ్‌సీకి పోయినప్పుడు కోడలి హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించండి, కాపర్-టీ గురించి ఇద్దరూ కలిసి అడగండి. పెట్టించుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాత నిదానంగా తేల్చుకోవచ్చు.